ఈ కారు ఎరుపు

చదివేవారికి ముందుగా ఒక మనవి. అక్షరాలు నాకు జుట్టు నెరిసిన తర్వాత వచ్చాయి. ఒత్తో దీర్ఘమో తప్పిన చోట మీరే దిద్దుకుని చదువుకోండి. చెయ్యి కూడా నెమ్మది. అందుకే పోయిన వారం కథ ఫోను మోగిన దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచే మొదలుపెడుతున్నాను.

*

ఫోనులో వచ్చిన బొమ్మ చూసి, చాప మీద అన్నానికి కూర్చున్న నలుగురూ చేతులు ఆపారు. చేపల పులుసు చల్లారిపోతోంది. బయట దురియన్ పళ్ళ తోట మీద వాన మొదలైంది.

కారు నీలంగా ఉంది.

ఇంటి పెద్దకూతురు రంపాయ్ ఆ బొమ్మను రెండు వేళ్ళతో సాగదీసి చూసింది. ఎంత పెద్దది చేసినా నీలమే. ఆమె ఆదివారం పుట్టిన మనిషి. ఆదివారం వాళ్ళకు నీలం కీడని రయోంగ్ జిల్లాలో బడికి పోని పిల్లలు కూడా చెప్తారు.

"మొదటి విడతలో ఈ రంగొక్కటే వచ్చిందక్కా," అంది ఒరథై, ఫోను తీసుకుని బోర్లా పెడుతూ. "వేరే రంగు కావాలంటే వానలు వెళ్ళేదాకా ఆగాలి."

ఒరథై రంపాయ్‌కి చెల్లెలు. టౌన్లో ఒక షోరూములో కార్లు అమ్ముతుంది. ఆ కొత్త కారు ఇంకా బొమ్మగా ఉన్నప్పుడే దాని సంగతి తల్లి బున్మా చెవిలో వేసింది ఆమే. పోయిన వానాకాలం నుంచి ఇంట్లో దానికి పేరు "రాబోయేది". పోయిన నాన్న నడిపిన పాత పికప్పు తీసేసి కొత్త పికప్పు కొందామని రంపాయ్ అన్నప్పుడల్లా, రాబోయేది రానీ అనేవారు. బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టినట్టు దానికి వాకిట్లో రేకుల పందిరి వేశారు. గోడకు కరెంటు డబ్బా బిగించారు.

దాని మీద ఎవరి ఆశ వాళ్ళది. ఒకసారి కరెంటు పడితే బ్యాంకాక్ వెళ్ళి తిరిగి రావచ్చని ఒరథై చెప్పేది. లోపల అన్నం పళ్ళెమంత తెర ఉంటుందని, ఉక్కగా ఉంది అని నోటితో అంటే చాలు, అదే చల్లబరుస్తుందని, తలుపులకు పిడులే ఉండవని, వేలు ఆనిస్తే తెరుచుకుంటాయని వర్ణించేది. కరెంటు పోతే తలుపెలా తెరుచుకుంటుందని అమ్మ అడిగేది. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం షోరూములో నేర్పిన జవాబు లేదు. అమ్మకు కావలసింది అదేం కాదు, మెట్టు ఎత్తుగా లేకుండా ఉంటే చాలు. పికప్పు ఎక్కిన ప్రతిసారీ ఆమె మోకాళ్ళు ఊరందరికీ వినబడేలా మూలిగేవి.

రంపాయ్ భర్త సనిత్ పారిశ్రామిక వాడలో సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. బజారులోకి రాని బండ్ల సీట్లన్నీ అక్కడ కుడతారు. గేటు దగ్గర అందరి ఫోను కెమెరాల మీదా కాగితం బిళ్ళ అంటించి లోపలికి పంపుతారు. అందుకని రాబోయేదాని గురించి ఎవరైనా అడిగితే ఆయన, నేనేం చెప్పకూడదని మొదలుపెట్టి మొత్తం చెప్పేవాడు. మూడో వరస సీటు కాళ్ళు లేనివాళ్ళ కోసం చేశారన్నది ఆయన కనిపెట్టిన ముఖ్య విషయం.

రంపాయ్ ఆశ ఒక్కటే. ముందు సీట్లో తను, వెనక సీట్లో అమ్మ.

ఎందుకంటే, కొత్త సంవత్సరం పండగ నాడు, అమ్మ చేతుల మీద పూలనీళ్ళు పోసి దీవెన అడిగినప్పుడు, అమ్మ నలుగురిలో ఒక మాట అంది. రాబోయేది రంపాయ్ పేరున కొంటాను, నన్ను గుడికి మోసే బండి ఎవరిదో నేను పోయాక ఇల్లూ తోటా వాళ్ళవే అని. ఇల్లు చివరి కూతురికి పోవడం ఇక్కడి ఆచారం. పెద్దదానికి ఇస్తానని తల్లి నోట రావడం మామూలు సంగతి కాదు. ఆ రోజు రంపాయ్ గిన్నెలో మిగిలిన నీళ్ళన్నీ ఒక్కసారే అమ్మ చేతుల మీద పోసేసింది.

"స్టిక్కరు అంటిస్తే పోయె," అంది అమ్మ ఇప్పుడు, ముల్లు తీస్తూ. "రేపు వెళ్ళి రాయించుకురా."

దానికీ ఒక పద్ధతి ఉంది. బండి రంగు యజమాని పుట్టిన వారానికి పడకపోతే వేరే రంగు వెయ్యనక్కర్లేదు. మంచి రంగు పేరు రాసి వెనక అద్దానికి అంటిస్తే చాలు. ఈ కారు ఎరుపు, ఈ కారు పసుపు అని. గ్రహాలు చదువుకున్నవి. చదివి, సరేలే అని తప్పుకుంటాయి.

"మనుషులకు కూడా దొరికితే బాగుండు," అన్నాడు సనిత్. "ఈ అల్లుడు తెలివైనవాడు అని నా వీపున అంటించుకుని తిరుగుదును."

"గ్రహాలు నమ్ముతాయేమో గానీ ఊరు నమ్మదు నాయనా," అంది అమ్మ.

అందరూ నవ్వారు. ఒరథై మాత్రం అన్నం కలుపుతూనే ఉంది. ఆ సంగతి రంపాయ్‌కి తర్వాత గుర్తొచ్చింది.

*

క్లేంగ్ బజారులో స్టిక్కర్లు కత్తిరించే హెంగ్ బాబాయ్ ముందుగా పుట్టిన వారం అడిగాడు. తర్వాత బండి రంగు అడిగాడు. ఆదివారానికి నీలం అనగానే, కాకరకాయ కొరికినట్టు మొహం పెట్టాడు.

ఏ బండి అంటే రంపాయ్ చెప్పింది.

"ఆ కొత్తదా? అది వచ్చినప్పట్నుంచీ నాకు తీరిక లేదమ్మా. ఊరూరా ఇంజనీర్లు కూర్చుని బండి చేస్తారు. చివరికి దాని రంగు మాత్రం నేను చెయ్యాలి." బల్ల మీద ప్లాస్టిక్ కాయితం పరిచాడు. "నిన్న ఒక మంగళవారం మనిషి తెల్లది కొనుక్కుని వచ్చాడు. ఈ కారు గులాబీ అని రాయించుకుపోయాడు. ఆరడుగుల మనిషి."

తెల్లది కూడా వచ్చిందా అని అడిగింది రంపాయ్. మాట తేలిగ్గా రావాలని చూసుకుంది.

"తెలుపు, ఎరుపు, నీలం, మూడూ వచ్చాయిగా. ఆసుపత్రి వీధిలో మందుల కొట్టావిడ ఎర్రదే తెచ్చుకుంది. నిగనిగలాడిపోతోంది. నువ్వూ ఎర్రదే తీసుకునుంటే నా దగ్గరికి వచ్చే పని తప్పేది."

కత్తెర మిషను గీరుకుంటూ ఒక్కో అక్షరం కత్తిరిస్తోంది. తెల్లటి లావుపాటి అక్షరాలు. ఆ అచ్చు ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ అచ్చులో ఏ రంగు పేరు కనబడితే బండి ఆ రంగు కాదని దూరం నుంచే తెలిసిపోతుంది.

"జిగురు గట్టిదేనా?" అంది రంపాయ్, ఏదో ఒకటి అనాలని.

"జిగురు గట్టిదే. మాటే ఉత్తది." బాబాయ్ స్టిక్కరు చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. "నా కొట్లో రాసేది ఒక్కటీ నిజం కాదమ్మా. నిజమే అయితే స్టిక్కరెందుకు?"

*

రంపాయ్ ఇంటికి వచ్చేసరికి అమ్మ వసారాలో ఇనుప గొట్టంలో తమలపాకు దంచుకుంటోంది. పళ్ళు పోయినప్పటి నుంచి ఆ టకటక చప్పుడే ఇంటికి గడియారం. ఒరథై పక్కనే కాళ్ళు చాపుకుని గోళ్ళకు రంగు వేసుకుంటోంది.

స్టిక్కరు విప్పి ముందు పెడితే అమ్మ చదవమంది. అమ్మకు అక్షరం రాదు. మందు సీసా అయినా, పంచాయితీ నోటీసు అయినా, గుడి గోడ మీద దాతల పేర్లయినా ఇంట్లో చదివేది రంపాయే. ఒరథై చదివితే అమ్మ నమ్మదు. అది తనకు కావలసిందే చదువుతుందని నవ్వుతూ అనేది.

"ఈ కారు ఎరుపు," చదివింది రంపాయ్. తర్వాత అదే గొంతుతో అంది: "ఎర్రది కూడా వచ్చిందట కదా."

ఒరథై చేతిలో కుంచె ఆగింది. గొట్టంలో టకటక ఆగలేదు.

రంపాయ్ చెల్లెల్ని అడిగింది, ఒకటే రంగు వచ్చిందని ఎందుకన్నావని. ఒరథై తడి గోళ్ళ మీద ఊదుకుంది. ఊదడం అయ్యాక కూడా తల ఎత్తలేదు.

"దాన్ని అడక్కు," అంది అమ్మ. "చెప్పమన్నది నేను. గుడిలో పెద్ద స్వామిని అడిగాను. శుక్రవారం పిల్లకు ఏ రంగు కలిసొస్తుందంటే నీలమన్నారు. నీలం బండి దాని పేరున రాయించాను."

శుక్రవారం పిల్ల ఒరథై.

వాన చూరు నుంచి ధారగా పడుతోంది. పండగ నాడు నీళ్ళు పోసినప్పుడు ఏమన్నావని రంపాయ్ అడిగింది. అన్నానులే అంది అమ్మ. అప్పుడు చిన్నది టౌన్లోనే ఉండిపోతానంది. ఇప్పుడు గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేస్తానంటోంది. ఇల్లు చివరి కూతురిది, అది నేను కొత్తగా పుట్టించిన ఆచారం కాదు అంది.

"మరి నన్ను స్టిక్కరు రాయించుకురమ్మని ఎందుకు పంపావు?"

"కోతలు మధ్యలో ఉన్నాయి," అంది అమ్మ. "కాయలు దిగేదాకా నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్తే మొహం మాడ్చుకుని కూర్చుంటావు. కాయ చెట్టునే పగిలిపోతుంది."

ఇంత మాట ఆమె ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

రంపాయ్‌ నోటికి వచ్చిన మాట ఆమె అనదలచుకున్నది కాదు. ఎన్ని రాత్రులు ఆ మోకాళ్ళకు నూనె రాసిందో, తమలపాకు ఈనె తీసి ఇచ్చిందో, నాన్న పోయాక తోటకు మందు ఎవరు కొట్టారో, అవన్నీ వదిలేసి ఒక్కటే అడిగింది.

"కడుపున పుట్టినదాన్ని ఎవరైనా ఇలా చేస్తారా అమ్మా?"

టకటక ఆగింది.

అమ్మ గొట్టాన్ని ఒడిలో పెట్టుకుని, పెద్దకూతురి మొహాన్ని సంతలో కాయను చూసినట్టు చూసింది. చెప్పాలా వద్దా అని కాదు. పండిందా లేదా అని.

"కడుపున పుట్టింది ఒక్కతే. అదిగో, గోళ్ళకు రంగేసుకుంటోంది."

"అమ్మా, వద్దు," అంది ఒరథై. ఆ మధ్యాహ్నం ఆమె నోరు తెరవడం అదే మొదలు.

"వద్దేమిటే. అడిగింది, చెప్తున్నా." అమ్మ రంపాయ్ వైపు తిరిగింది. "నువ్వు పుట్టినదానివి కాదు, వచ్చినదానివి. ఆదివారం వచ్చావు, కాబట్టి ఆదివారం పిల్లవన్నాం. మీ నాన్న తల్లి నన్ను గొడ్రాలని గడప తొక్కనిచ్చేది కాదు. ఊరి పెద్దకు ఒక కోడిని ఇచ్చి నా కూతురని రాయించాను. నీలం బండికి ఎరుపని అంటించినట్టే నీకూ ఒకటి అంటించాను. మంచి జిగురు. ఇన్నాళ్ళూ ఊడలేదు."

ఒరథై రంగు సీసాకు మూత పెట్టింది.

రంపాయ్‌కి ముందుగా గుర్తొచ్చింది అమ్మ కాదు, ఇల్లు కాదు. గుడి పక్కన వరసగా నిలబెట్టిన వారాల బుద్ధులు గుర్తొచ్చారు. వారానికొకడు, బుధవారానికి మాత్రం పగటికొకడు, రాత్రికొకడు. ఎవరి వారపు బుద్ధుడి ముందు వాళ్ళు పూలు పెట్టాలి. జ్ఞానం వచ్చినప్పటి నుంచి ఆమె పెట్టిన తామర మొగ్గలన్నీ ఆదివారపు బుద్ధుడి ముందే. పెళ్ళి ముహూర్తం ఆదివారం లెక్కన పెట్టారు. కడుపులో బిడ్డ నిలవనప్పుడు మణికట్టుకు కట్టిన తెల్లదారం కూడా ఆదివారం మంత్రంతోనే కట్టారు. దారం కట్టాక కూడా బిడ్డ నిలవలేదు. ఇన్నేళ్ళూ ఎవరి బుద్ధుడిని అడిగిందో, ఎవరికి చెందవలసిన జవాబు వచ్చిందో.

"నేను ఏ వారం పుట్టాను?" అని అడిగింది.

ఎవరి కడుపున అని అడుగుతుందనుకుంది అమ్మ. ఆమె కళ్ళలో ఒక్క క్షణం తడబాటు కనబడింది. తర్వాత అక్కడే బేరం కూడా కనబడింది.

"నిన్ను తెచ్చినామె చెప్పింది. నాకు గుర్తుంది. నా నోట్లో తప్ప ఎక్కడా లేదు." గొట్టం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఎల్లుండి బండిని గుడికి తెస్తారు. స్వామి బండి ఎవరిదని అడుగుతారు. చెల్లెలిది, ఇల్లూ చెల్లెలిదేనని నలుగురిలో నీ నోటితో అను. ఆ సాయంత్రమే నీ వారం చెప్తాను. ఎవరి బిడ్డవో కూడా చెప్తాను. అనకపోతే, నాతోపాటు కాలిపోతుంది."

టకటక మళ్ళీ మొదలైంది.

*

సనిత్ కోసిన కాయలను పాకలో పేరుస్తున్నాడు. రంపాయ్ చెప్పింది విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

ఆశ్చర్యపోకపోవడం ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"నీకు తెలుసు," అంది.

పెళ్ళిమాటలప్పుడే తన తల్లి చెప్పిందని ఒప్పుకున్నాడు ఆయన. ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసట. అందుకే ఆయనవైపు వాళ్ళు కట్నం తక్కువ తెచ్చారట. ఇక్కడ పెళ్ళికొడుకు వాళ్ళే పిల్ల తల్లికి ఇచ్చుకోవాలి. తగ్గించి తెచ్చినా అమ్మ ఎందుకు కిమ్మనలేదో రంపాయ్‌కి అప్పుడు తెలిసింది. వచ్చినదానికి వచ్చినంత అనుకుని ఉంటుంది.

"ఇన్నేళ్ళు ఒక చాప మీద పడుకున్నాం. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"చెప్పి ఏం చేసుకోను? సాగుతోందిగా." ఆయన కాయ ముళ్ళు గుచ్చుకోకుండా గుడ్డ సర్దుకున్నాడు. "మా గేటు దగ్గర కెమెరాకి బిళ్ళ అంటిస్తారు చూడు. లోపల ఏముందో అందరికీ తెలుసు. అయినా అంటించుకునే లోపలికి పోతాం. నువ్వూ ఆ మాట అనెయ్. ఇల్లు ఎటూ రాదు. వారమైనా తెలుస్తుంది."

"అన్నాక ఎక్కడుంటాం?"

"ఫ్యాక్టరీ వాళ్ళ వరస గదులున్నాయిగా."

ఆయన ఆ గది గురించి ముందే అడిగి పెట్టుకున్నాడని ఆమెకు ఆ జవాబు వచ్చిన వేగంలోనే తెలిసింది. ఇంకేమీ అడగలేదు. అలిగిన మనిషి పని మానేస్తుందని అమ్మ అనుకుంది కదా, మర్నాడు రంపాయ్ ఒక్క కాయ చెట్టున మిగల్చకుండా కోయించింది. సాయంత్రం చేతులు కడుక్కుని క్లేంగ్ బజారుకు వెళ్ళింది.

హెంగ్ బాబాయ్, స్టిక్కరు చిరిగిందా అని అడిగాడు. లేదని, ఇంకోటి కావాలని చెప్పింది. అదే అచ్చు, అదే సైజు. ఏం రాయాలో చెప్పింది. బాబాయ్ తల ఎత్తి ఆమెను చూశాడు. ఈసారి వారం అడగలేదు. హాస్యమూ ఆడలేదు.

*

గుడి వాకిట్లో రాబోయేది నిలబడి ఉంది. ఇంక దాన్ని ఆ పేరుతో పిలవడానికి లేదు. వచ్చేసింది.

ఎర్ర తాత్కాలిక నంబరు పలక, అద్దానికి మల్లెదండ, లోపల పాలిథీను తీయని సీట్లు. ఊరు ఊరంతా దాని చుట్టూ ఉంది. పికప్పులున్న మగవాళ్ళు వంగి కింద ఎంత ఎత్తుందో చూస్తున్నారు. వరద నీళ్ళలో ఇది ఆగిపోతుందా, స్టెప్నీ ఎక్కడ, పదేళ్ళకు బ్యాటరీ ఎవడు కొంటాడు అని అడుగుతుంటే, ఒరథై షోరూము గొంతుతో ఒక్కొక్కరికీ చెబుతోంది. రాబోయే ఏడాది ఇంతకన్నా మంచిది వస్తుందట కదా అని ఒకడన్నాడు. ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, ఉన్నదాన్ని ఎక్కడం నేర్చుకోవాలి అంది ఒరథై. జనం నవ్వారు.

అమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది. మోకాలు మూలగకుండానే ఎక్కింది. మనసు నిండిన మనిషిలా కళ్ళు సగం మూసుకుంది. స్వామి నీళ్ళు చల్లడానికి వీలుగా పక్క అద్దం సగం దించారు.

రంపాయ్ పాత పికప్పులో వచ్చింది. ఒక చేతిలో తామర మొగ్గ ఉంది, రెండో చేతిలో స్టిక్కరు చుట్ట ఉంది. వారాల బుద్ధుల వరస ముందు ఆగింది. ఆదివారపు బుద్ధుడి దగ్గర చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. వెనక్కి తీసుకుంది. మొగ్గ చేతిలోనే ఉంచుకుని కారు వెనక్కి నడిచింది.

ఆమె వెనక అద్దం తుడిచి, కాయితం వలిచి, అరచేత్తో అక్షరాలు అదుముతుంటే ఎవరూ వింతగా చూడలేదు. కొత్త బండికి స్టిక్కరు మామూలే. అద్దం అవతల, అక్షరాల సరిగ్గా కిందుగా, అమ్మ తెల్లటి ముడి కనబడుతోంది.

పెద్ద స్వామి మంత్రించిన నీళ్ళ గిన్నె, వేలితో బొట్లు పెట్టే పొడి పట్టుకుని వచ్చారు. చేతులు జోడించి అందరూ కూర్చున్నారు. బండి ఎవరిదని అడిగారు స్వామి.

అమ్మ అద్దంలోంచి పెద్దకూతురిని చూసింది.

"చెల్లెలిది స్వామీ," అంది రంపాయ్.

అమ్మ గడ్డం కాస్త దిగింది. సగం తీరింది. మిగతా సగం కోసం ఎదురుచూసింది.

అప్పుడే కారు వెనక కూర్చున్నవాళ్ళలో ఒక నవ్వు లేచింది. ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచి అద్దం వైపు చూపించింది. అక్షరాలు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చెవుల్లో చెబుతున్నారు. నవ్వు ముందు పడుచువాళ్ళలో పాకింది. ముసలివాళ్ళ దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ముసలివాళ్ళు నవ్వలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు.

ఒరథై లేచి వెనక్కి వెళ్ళి చూసింది. బుగ్గల మీద రంగు అలాగే ఉంది. కింద మొహం మాత్రం పాలిపోయింది.

ఈ మనిషి మా అమ్మ.

తెల్లటి లావుపాటి అక్షరాలు. ఊళ్ళో అందరికీ తెలిసిన అచ్చు.

"ఏమిటే నవ్వులు?" అంది అమ్మ లోపల్నుంచి. జనం చూపులన్నీ వెనక అద్దం మీదే ఉన్నాయి. "వెనక ఏం రాసుంది?"

ఒరథై నోరు తెరిచింది. ఆమెకు చదవడం వచ్చు. ఆ నాలుగు మాటల్లో చెడ్డమాట ఒక్కటీ లేదు. అయినా అవి ఆమె నోట్లోంచి రాలేదు. ఏమీ లేదమ్మా అంది. అమ్మకు ఆ జవాబు చాలలేదు. చిన్నది తనకు కావలసిందే చదువుతుందని ఆమెకు మొదట్నుంచీ తెలుసు.

దిగుదామని తలుపు మీద చెయ్యి వేసింది. పిడి లేదు. నున్నటి తోలు మీద అరచెయ్యి పైకీ కిందికీ పాకింది. ఎక్కడ నొక్కాలో ఆమెకు ఎవరూ చూపించలేదు. స్వామి చెయ్యి గిన్నె మీదే ఆగి ఉంది.

"రంపాయ్," అని పిలిచింది అమ్మ. గొంతు ఇంట్లో పిలిచినట్టే ఉంది, మందు సీసా ఇచ్చి చదవమన్నట్టే. "నువ్వు చదువు."

రంపాయ్ సగం దించిన అద్దం దగ్గరకు వచ్చింది. వంగింది. తామర మొగ్గ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆమె చెప్పింది అందరికీ వినబడింది.

"ముందు నా వారం చెప్పు. తర్వాత చదువుతాను."

*

కొయ్య సన్యాసమ్మ, వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది క్లేంగ్ బజారు వెనక సందులో, రయోంగ్ జిల్లా.